స్వర్ణలతకు ఇనబడని కూత

సిరిసిల్లల ఎవలన్న మెల్లగ మాట్లాడుతున్నరంటే ఆళ్లు పరాయి ఊరోళ్లన్నట్టే. సాంచెల నడుమ పుట్టి పెరిగినోళ్లకు మెల్లగ మాట్లాడుడు ఎక్కడికెల్లి అత్తది? ఇంట్లనే సాంచెలు, అంటే మరమగ్గాలు, మగ్గాల పక్కకే పొయ్యి, పొయ్యి పక్కకే మంచం. పొద్దుగాల మొదలైన దడదడ కరెంటు పోతే తప్ప ఆగది. గా సప్పుడుల "జర ఉప్పియ్యి" అనాల్నన్నా కొట్లాటకు పోయినట్టే అనాలె. కొత్తల్లుండ్లు మొదట్ల బెదురుతరు, గీ ఇంట్ల పొద్దంత లొల్లేనా అని. లొల్లి గాదయ్యా, గది ప్రేమనే. జర గట్టిగుంటది, గంతే.

స్వర్ణలత గసొంటి ఇంట్లనే పుట్టి, గసొంటి ఇంటికే కోడలైంది. వయసు నలుబై దాటింది. మొగడు శ్రీశైలం సాంచెలు నడుపుతడు, ఆమె కండెలు చుడుతది. మగ్గంల అటు ఇటు ఉరికే నాడెల పెట్టే నూలు చుట్టలే కండెలు. ఇద్దరియి తలకాయ కిందికేసుకునే పనులు. పోగు తెగిందా, కండె ఒడిసిందా, గదే సూపు, గదే ధ్యాస. మెడ ఎత్తి మొగులు దిక్కు సూసుడంటే, ఆరేసిన బట్టలు తడుస్తయేమోనని సూసుడే.

గా మెడను పైకి ఎత్తించినోడు దేవేందర్. ఆమె చిన్నమ్మ కొడుకు, కోరుట్లల ఉంటడు. మస్కట్‌ల కరెంటు పని జేసి జేసి, ఇగ సాలు అని ఇంటికి మల్లినోడు. అందరు అక్కడికెల్లి సెంటు సీసాలు, కంబళ్లు తెస్తే గీయిన రిమోటుతోని ఎగిరే గాలిమోటరు తెచ్చిండు. రెక్కలు చాపితే మనిషి బారంత ఉంటది. సుట్టాలందరు నవ్విన్రు. నవ్వెటోళ్లు నవ్వనీ అనుకొని కోసిన పొలాలల్ల ఎగిరేసుకుంట తిరిగిండు. ఒకనాడు గది తుమ్మ చెట్టుకు తట్టుకొని రెక్క చినిగితే సక్కగ సిరిసిల్లకు పట్టుకచ్చిండు.

"అక్కా, మీ బట్ట తోని దీనికో రెక్క గుట్టియ్యవా?"

"రెక్కను గుడుతరార పిచ్చోడా," అన్నది స్వర్ణలత. గుట్టలే. బంక పూసి, శ్రీశైలం నేసిన సన్నటి పాలిస్టరు బట్టను పరిచి, ఇస్త్రీ పెట్టె కొసతోని ఎక్కడ ముడత రాకుంట గుంజి అతికిచ్చింది. గా రెక్క ఎట్ల ఎగురుతదో సూద్దామని కోరుట్లకు పోయింది. సూసినంక ఊకుంటదా? "జర గా రిమోటు నా చేతికియ్యి" అన్నది. గంతే, ఇగ విడువలే.

మొదటిసారి ముక్కు నేలల గుచ్చింది. రెండోసారి రేగు కంపల బొర్లింది. గని తెగిన పోగును సూడకుంటనే అతికే వేళ్లాయె, జల్దినే అలవాటు పడ్డయి. కొన్ని నెలలకు తనే ఒక గాలిమోటరు చేసుకున్నది, ముక్కు నుంచి తోక దాంక సొంతంగ. గది నేల ఇడిసి లేసినప్పుడు స్వర్ణలతకు ఒంట్లకెల్లి పాణం లేసినట్టే అనిపిస్తది. అత్త లసుమవ్వ మాత్రం రోజు అడుగుతది, "గాలికి పోయే కంపను ఒంటికి తగిలిచ్చుకున్నవేందే" అని. స్వర్ణలత ఇనబడనట్టే ఉంటది.

కోరుట్లోళ్లు, జగిత్యాలోళ్లు, సిరిసిల్లకెల్లి ఈమె, అందరు కలిసి ఐతారం ఐతారం ఎగిరేస్తరు. పంతుళ్లున్నరు, మందుల దుకాణమాయన ఉన్నడు. ఆడిమనిషి ఈమె ఒక్కతే. జగిత్యాలల ఒక కాలేజీ మైదానంల పిల్లలకు సూపెట్టెటందుకు పెద్దగ ఎగిరేసుడు పెడ్తున్నమని తెల్సినకాడికెల్లి స్వర్ణలతకు నిద్ర లేదు. తన చేతులతోని చేసినదాన్ని గక్కడ గంతమంది ముంగట ఎగిరెయ్యాలె. ఎగిరేసి తీరాలె. గా ముచ్చట సాంచెల కాడ ఎంతమందికి చెప్పుకున్నదో లెక్కలేదు.

గిప్పుడు బ్యాటరీ సంగతి జర చెప్పాలె. గాలిమోటరు కడుపుల మూడు సెల్లుల బ్యాటరీ ఉంటది. నిండుగున్నప్పుడు ఒక్కో సెల్లు నాలుగు పాయింట్ రెండు వోల్టులు. ఎగురుకుంట ఎగురుకుంట మూడున్నరకు వడిందంటే దింపుకోవాలె. ఇంకా కిందికి గుంజితే బ్యాటరీ ఖరాబైతది, నడి మొగుల్ల మోటరు బందైతది. ఎప్పుడు మూడున్నర ఐందో కింద నిలబడ్డోళ్లకు ఎట్ల తెల్వాలె? అందుకే బ్యాటరీకి అగ్గిపెట్టెంత అలారం తగిలిస్తరు. లెక్క పడంగనే కీ... కీ... అని మొగుల్లకెల్లి ఒర్లుతది. ఇన్నోళ్లు దింపుకుంటరు.

ఒక ఐతారం కోరుట్ల బయట కోసిన వరి పొలంల దేవేందర్ స్వర్ణలత బ్యాటరీని చేతుల వట్టుకొని అటు ఇటు తిప్పిండు. పక్కలు పొంగిన పూరి తీర్గ ఉబ్బి ఉన్నయి.

"అక్కా, గిదేంది? కడుపు ఉబ్బింది గద."

"ఎండకేమోరా."

"ఎండకు గాదు. అలారం మోగినంక గూడ ఎగిరేసినవ్."

"నీ మీదొట్టు, ఎన్నడు మోగలే," అన్నది స్వర్ణలత. "కోనరావుపేట దిక్కు ఒక్కదాన్నే పోయి ఎగిరేస్తున్న గద, దింపినంక ప్రతిసారి మీటరు పెట్టి కొలిచిన. మూడు పాయింట్ ఏడు సూపెట్టింది. ఇంకా మిగిలే ఉన్నది."

దేవేందర్ నెత్తి కొట్టుకున్నడు. "దింపినంక కొలిస్తే గట్లనే సూపెడ్తదక్కా. బస్తా మోసినోడు బస్తా దించి జరసేపు కూసుంటే మల్ల దమ్ము అత్తదా రాదా? గిది గూడ గంతే. మోటరు గుంజేటప్పుడు ఎంతున్నదో గదే అసలు లెక్క. గా లెక్క చెప్పేటందుకే అలారం పెట్టింది."

"మోగితే నేనెందుకు దింపరా? నాకేమన్న తిక్కనా?"

దేవేందర్ పని ఉన్నట్టే ఆమె ఎనుకకు పోయిండు. ఒడిసిపోయిన బ్యాటరీ ఒకటి తీసి అలారం తగిలిచ్చిండు.

స్వర్ణలత తన ధోరణిల తను చెప్పుకుంటనే ఉన్నది, అలారమే ఖరాబైందేమో, కొత్తది కొనాలెనేమో, మోగితే మాత్రం ఇనబడకుంట ఉంటదా అని. చెప్పుకుంట చెప్పుకుంట ముంగటి మనుషుల మొఖాలు సూసింది. మందుల దుకాణమాయన చెవులల్ల వేళ్లు వెట్టుకున్నడు. పంతులు మొఖం చిట్లిచ్చిండు. అందరు ఆమె ఎనుక దిక్కు సూస్తున్నరు. ఆమె ఎనుకకు తిరిగింది. దేవేందర్ చేతుల అలారం, దాని మీద ఎర్ర లైటు బుగ్గ మెరుసుడు, ఆరుడు. అక్కడ సప్పుడేం లేదు. ఆమెకు లేదు.

"మోగుతున్నదా?" అని అడిగింది.

"మోగుతున్నదక్కా," అన్నడు దేవేందర్. ఆ గొంతు ఆమెకు మంచిగనే ఇనబడ్డది. పెద్ద సప్పుడులు, లావు గొంతులు అన్ని ఇనబడ్తయి. సన్నటి కూత ఒక్కటే లేదు.

మరి ఇన్ని దినాలు కోరుట్లల ఎట్ల సక్కగ దింపింది? గది ఆమెకు ఆ పొలంలనే నిలబడి తెలిసింది. సాంచెల కాడ పనిచేసేటోళ్లకు చెవులు తమ మొఖంల ఉండయి, ఎదుటోళ్ల మొఖంల ఉంటయి. మూతి కదిలితే మాట పడ్తరు, కనుబొమ్మ లేస్తే సంగతి పడ్తరు. అలారం మోగంగనే పక్కనోళ్లు మెసిలెటోళ్లు, ఈమె దిక్కు సూసెటోళ్లు. కంటి కొసకు గది తగలంగనే చేతులు వాటంతట అవే దింపినయి. తనే ఇన్నననుకున్నది. కోనరావుపేటల ఒక్కతే ఉన్నది, సూసుకునేటందుకు మొఖాలు లేకుండె. పొద్దుగాల పిట్టలు కూసుడు మానేసినయని ఎన్ని ఏండ్ల సంది అనుకుంటున్నదో. పిట్టలు కూస్తనే ఉన్నయన్నట్టు. అప్పుడు మాత్రం దుఃఖం అచ్చింది, గని నలుగురి ముంగట ఏడ్వలే.

దేవేందర్ మంచోడే గని లెక్క తప్పనోడు. "అక్కా, ఏమనుకోకు. చెవికి ఇనబడకుంట ఎగిరేస్తే గది ఎవల నెత్తి మీద వడ్తదో తెల్వది. ఇనేటోళ్లను ఎవలనన్న ఎంబడి తెచ్చుకో, మోగంగనే నీకు సైగ జేస్తరు. లేకుంటే జగిత్యాలల నువ్వు సూసుడే గని ఎగిరేసుడు లేదు."

ఇనేటోళ్లను ఎవలను తేవాలె? స్వర్ణలత మొగన్నే అడిగింది. సాంచెల కాడ ఇద్దరియి సైగలే కదా, ఆయన చెయ్యి జర లేస్తే సాలు, ఏం కావాల్నో ఆమెకు తెల్సిపోతది.

"నీకు ఇనబడ్తదా?" అని అడిగింది.

"ఎందుకు ఇనబడది? నేనేమన్న ముసలోన్నైననా?" అన్నడు శ్రీశైలం. గట్టిగనే అన్నడు, కోపంతోని గాదు, మామూలుగనే.

పరీక్ష పెట్టి సూడాలంటే సాంచెలు ఆపాలె. సాంచెలు ఆపుమంటే గాయిన ఇంటడా? గట్ల నమ్మింది. కట్టుకున్న మొగన్ని గామాత్రం నమ్మద్దా? ఇద్దరు బండి మీద కోనరావుపేటకు పోయిన్రు. కోసిన పొలం, దాని అవతల మక్కజొన్న చేను. గాలి మెల్లగ వీస్తున్నది. కొత్త బ్యాటరీ పెట్టి గాలిమోటరును లేపింది. శ్రీశైలం పక్కకు నిలబడి, చేతులు కట్టుకొని, సర్కారు తనిఖీకి అచ్చినోని లెక్క మొగులు దిక్కు సూసుకుంట ఉన్నడు.

ఎంత హాయి అనిపిచ్చిందో ఆమెకు. మొగడు పక్కకున్నడు, ఇంటున్నడు, ఇగ ఫికర్ లేదు. పెద్ద పెద్ద సుట్లు కొట్టింది. మద్దెన ఒకసారి ఆయన దిక్కు సూసింది. "ఏం మోగలే, కానియ్యి" అన్నట్టు ఆయన చెయ్యి ఊపిండు. మక్క చేను మీదికి పోయి మలుపుతుండంగ మోటరు ఠక్కున ఆగింది. ఎత్తు సాలలే. ఎంత గుంజినా ఇటు దిక్కు రాక మక్కల నడుమ పడ్డది.

ఇద్దరు ఉరికిన్రు. నెత్తికి మించిన మక్క, ఎక్కడని దేవులాడుతరు? ఈ సాలుల ఆయన, ఆ సాలుల ఈమె. ఇంతల అవతలి గట్టు మీదికెల్లి రాజవ్వ అనే పెద్దమనిషి, ఆ చేను ఆమెదే, చెంగు నడుముకు చెక్కి సక్కగ ఒక్క సాలుల సొచ్చి, విరిగిన రెక్కతోని గాలిమోటరును పట్టుకచ్చి ముంగట పెట్టింది.

"ఏందయ్యా మీ ఆట? గంత సేపటి సంది గిది పైన ఒర్లుతనే ఉన్నది, ఒర్లుతనే ఉన్నది. నేను గా బాయి కాడ ఉండి ఇన్న. కింద పడ్డా ఒర్లుడు ఆపలే, గిప్పుడు గూడ ఒర్లుతున్నది. పక్కకే తిరుగుతున్నరు గద, మొగడు పెండ్లాం ఇద్దరికిద్దరు ఇనబడ్తలేదా?"

ఇద్దరు గాలిమోటరు దిక్కు సూసిన్రు. ఎర్ర బుగ్గ మెరుస్తున్నది. తర్వాత ఒకల మొఖం ఒకలు సూసుకున్నరు.

"ఏ ఊరు?" అని అడిగింది రాజవ్వ.

"సిరిసిల్ల."

"సాంచెలా?"

"ఔ."

"గట్ల చెప్పు మరి," అన్నది రాజవ్వ, ఇంకేం అడుగకుంట. ఈ జిల్లాల గా ముచ్చట ఎవలకు తెల్వది?

శ్రీశైలం మొఖం ఎర్రగైంది. "గాలి అటు దిక్కు కొడ్తున్నది. సప్పుడు మా దిక్కు ఎట్ల అత్తది?" అన్నడు. గాలి కొట్టేది ఆళ్ల దిక్కే. ఉన్నమాటంటే ఉలుకెక్కువ. స్వర్ణలత అలారం తీగ గుంజేసి, చేనుకు నష్టం చేసినందుకు రాజవ్వకు దండం పెట్టి, విరిగిన రెక్కను సంకల పెట్టుకొని బండెక్కింది. దారిల ఆయన ఒక్క మాటనే అన్నడు.

"ఎవలకు చెప్పకు. చెవులు పోయినయని తెలిస్తే పనికి రానోని కింద జమకడ్తరు."

ఆమెకు కోపం అచ్చింది. ఆ కోపంల నవ్వు గూడ అచ్చింది. చెవిటోని ముందట శంఖం ఊదినట్టని ఊరంత అంటరు గని, ఇద్దరు చెవిటోళ్లు పోయి శంఖానికి కావలి ఉండుడు ఎక్కడన్న ఉన్నదా? నవ్వు ఆగినంక ఆయన వీపు సూసింది. భయంతోని బిర్రుగ ఉన్నది. సరే, చెప్ప అనుకున్నది.

చెప్పలే. దేవేందర్ ఫోన్ చేస్తే "పడ్డదిరా, నేనే సూసుకోలే" అన్నది. పక్కకు ఎవలున్నరని అడిగితే "ఎవల్లేరు, ఒక్కదాన్నే పోయిన" అన్నది. గా అబద్ధంతోని దేవేందర్ కోపం మొత్తం ఆమె మీద పడ్డది.

"చెప్పినా గూడ ఒక్కదానివే పోయినవా? ఇగ సాలక్కా. మా నడుమ నిన్ను రిమోటు పట్టనియ్య. జగిత్యాల ముచ్చట మర్చిపో."

"ఒక్క పరీక్ష పెట్టు తమ్మీ."

"చెవులు లేకుంట పరీక్షేంది?"

"ఒంట్ల చెవి ఒక్కటే ఉన్నదారా?" అన్నది స్వర్ణలత. నోటికచ్చిన మాట అన్నది, దాని ఎనుక ఏమున్నదో ఆమెకే తెల్వది. గని అన్నంక దాన్ని వదిలిపెట్టే రకం గాదు.

రెక్క అతికిచ్చుకుంట అదే ఆలోచించింది. రిమోటు మీద అద్దం ఉన్నది, అందుల అంకెలు అత్తయి. గాలిమోటరుల ఉండే రిసీవరు బ్యాటరీ లెక్కను రిమోటుకు పంపుతనే ఉంటది. మరి గా అంకెలు సూసుకుంట ఎగిరెయ్యచ్చు గదా? ఎగిరెయ్యరాదు. కన్ను కిందికి మల్లిస్తే పైనున్నది ఏ దిక్కు మొఖం పెట్టిందో తెల్వకుంటైతది. లెక్క పడంగనే రిమోటు గూడ కూత పెడ్తది, గది గూడ సన్నదే, ఈమెకు ఇనబడనిదే. కన్ను ఖాళీ లేదు, చెవి పని జెయ్యది.

కండెలు చుట్టే మిషిను కాడ కూసున్నప్పుడు నడుముకు చెక్కుకున్న ఫోను వణికింది. స్వర్ణలత ఫోనును ఎన్నడు మోగనియ్యది, వణుకు మీదనే పెట్టుకుంటది. ఎందుకు గట్ల పెట్టుకున్నదో ఎన్నడు సోచాయించలే. చేతిల కండె చేతిలనే ఉన్నది. కిందికెల్లి మిషిను దడదడ, పక్కకెల్లి సాంచెల దడదడ, నేలంత వణుకుతనే ఉన్నది. గంత వణుకుల ఈ బుడ్డ వణుకు వేరే అని నడుముకు ఎట్ల తెలిసింది? పిలిచినోళ్లెవలో గూడ సూడలే. లేసి చీర సదురుకొని జగిత్యాల బస్సెక్కింది.

టవర్ కాడ గల్లీల జ్యోతి అనే పిల్ల ఫోన్లు బాగుచేస్తది. దేవేందర్ గ్రూపోళ్ల తీగలన్నిటికి సోల్డరింగ్ పెట్టేది ఆమెనే. స్వర్ణలత రిమోటును బల్ల మీద పెట్టింది. జ్యోతి అటు తిరిగి డబ్బాలు దేవులాడుకుంట ఏదో అడిగింది. ఎప్పటి తీర్గ అయితే స్వర్ణలత నవ్వి, "ఔ" అని ఊకుంటుండె. ఎన్ని దుకాణాలల్ల ఎన్నిసార్లు గట్ల ఊకున్నదో, ఎన్ని అడుగని వస్తువులు ఇంటికి తెచ్చుకున్నదో.

"ఇటు తిరిగి మాట్లాడు బిడ్డా, నాకు సరింగ ఇనబడది," అన్నది.

జ్యోతి ఇటు తిరిగింది. "ఏ ఫోనుదన్న వణికే మోటరు పెట్టాల్నా అని అడిగిన ఆంటీ," అన్నది. గంతే. భూమి పగులలే, మొగులు విరుగలే. గింతటి దానికా ఇన్నేండ్లు నవ్వుకుంట తిరిగిన అనుకున్నది స్వర్ణలత.

పాత ఫోనుకెల్లి తీసిన బటానీ గింజంత మోటరును రిమోటు కూత తీగకు కలిపి, ఎడమ చేతి నడిమి వేలు ఆనే జాగల అతికిచ్చింది జ్యోతి. మొదటిది సాలలే, వేలుకు చెమట పడితే తెలుస్తలేదు. విప్పిచ్చింది. పెద్ద ఫోనుది పెట్టిచ్చింది. అదీ జర పక్కకైందని మల్ల విప్పిచ్చింది. జ్యోతికి యాష్ట అచ్చింది గని స్వర్ణలత కదులలే. "బిడ్డా, పోగు సరింగ పట్టకుంటే బట్ట మొత్తం పోతది. ఇంకొక్కసారి," అన్నది. గా ఇంకొక్కసారికి వేలు కింద గండుచీమ కుట్టినట్టు జివ్వుమన్నది. స్వర్ణలత కండ్లు మూసుకొని, "గిది," అన్నది.

పరీక్ష కోరుట్ల పొలంలనే. దేవేందర్ ఒప్పుకున్నడంటే ఒప్పుకున్నడు, గని ఎక్కడ సందియ్యలే. కొంత వాడిన బ్యాటరీ ఇచ్చిండు, ఎంతున్నదో చెప్పలే, అందాజతోని దింపుతదని. బ్యాటరీకుండే అలారం తీయలే, తను ఇని సరిసూసుకునేటందుకు. పైనుంచి అందరికి తిరుగుండ్రి అన్నడు.

"అందరు వీపు మల్లేసి నిలబడుండ్రి. లేకుంటే అక్క మన మొఖాలు సూసి దింపుతది. నేను గూడ ఆమె ఎనుకనే ఉంట."

అందరు అటు తిరిగిన్రు. బండి మీద ఆమెను దింపచ్చిన శ్రీశైలం, దూరంగ గట్టు మీద నిలబడ్డోడు, "నాకేం పని సూసుడుతోని" అనుకుంట ఆయన గూడ తిరిగిండు. స్వర్ణలతకు కానచ్చేదంత వీపులే. వీపులల్ల ఏం రాసి ఉండది. పడితే ఇగ రిమోటు లేదు, జగిత్యాల లేదు, మెడ మల్ల కిందికే. పండ్లు బిగవట్టి లేపింది.

నేల ఇడిసి నిట్టనిలువు లేస్తుండంగనే వేలు కింద జివ్వుమన్నది. అప్పుడేనా? దింపుదామా అని చెయ్యి కదిలింది. గని బస్తా మోసేటోని ముచ్చట గుర్తుకచ్చింది. ఎక్కేటప్పుడు ఎవలకైనా దమ్ము తగ్గుతది. మోటరు జోరు తగ్గిచ్చింది. వణుకు ఆగింది. నిజంగ ఒడిసింది గాదు, బరువుకు ఆయాసపడ్డది, గంతే. ఎనుక దేవేందర్ ఊపిరి పెద్దగ ఇడిసింది ఆమె మెడకు తగిలింది. అలారం గూడ ఒర్లి ఊకుండి ఉంటది. ఇనబడలే అనుకుంటున్నడేమో, అనుకోనీ.

సుట్టు కొట్టింది. ఇంకో సుట్టు కొట్టింది. ఎండ కండ్లల్ల పడ్డది, తల జర వంచి మల్ల పట్టుకున్నది. పొలం ఆ కొసకు పోయి మలుపుతుంటే మల్లొకసారి జివ్వుమన్నది. జోరు తగ్గిచ్చింది. ఆగలే. ఇంకా తగ్గిచ్చింది. ఆగలే, జివ్వుమంటనే ఉన్నది.

గిది నిజం.

గాలిమోటరు దూరంల ఉన్నది, గాలి ఎదురు. మోటరు గుంజితే జల్ది అత్తది, గని ఉన్న కొంచెం గూడ గుంజుకపోయి మక్క చేనుల అయినట్టే అయితది. గుంజలే. ఉన్న ఎత్తునే ఖర్చు పెట్టుకుంట, ముక్కు జర కిందికి వంచి, అంగుళం అంగుళం తెచ్చింది. గట్టు మీదికెల్లి గాలి ఒక్క తోపు తోసింది, రెక్క ఒరిగింది. సదురుకున్నది. వేలు కింద వణుకు ఆగుతలేదు, ఆమె తొందర పడుతలేదు. వరి మోళ్ల మీద కడుపు ఆనిచ్చి, జర దూరం రాకుకుంట పోయి ఆగింది.

"దిగింది!" అని ఒర్లింది స్వర్ణలత.

దేవేందర్ ముంగటికచ్చి రిమోటు గుంజుకొని అద్దంల సూసిండు. ఎగిరేటప్పుడు అన్నిటికన్న కిందికి ఎంత పడ్డదో గందుల ఉంటది. సూసి, మల్లొకసారి సూసి, ఆమె చెయ్యి పట్టుకొని వేలు తిప్పి ఆ గింజను సూసిండు.

"మూడు పాయింట్ నాలుగు ఎనిమిది. మోగిన కాడికెల్లి ఒక్క సుట్టు గూడ ఎక్కువ కొట్టలే," అన్నడు. కండ్లల్ల నీళ్లు పెట్టుకున్నడు పిచ్చోడు. "అక్కా, జగిత్యాలల అందరికంటె ముందు నువ్వే లేపాలె. నా తప్పు. ఓ, తిరుగుండ్రి, అయిపోయింది! తిరుగుండ్రి!"

అందరు తిరిగిన్రు. చప్పట్లు కొట్టిన్రు. పంతులు ఈల గూడ ఏసిండంట, గది ఆమెకు తర్వాత చెప్పిన్రు. గట్టు మీద శ్రీశైలం ఒక్కడు తిరుగలే.

"బావా, అయిపోయింది!" అని పిలిచిండు దేవేందర్. ఆయన కదులలే. చేతులు ఎనుకకు కట్టుకొని, ఇచ్చిన మాట తప్పనోని తీర్గ అటే సూసుకుంట నిలబడ్డడు. "బావా!" అని మల్ల పిలిచిండు. ఎవలో కిసుక్కున నవ్విన్రు. తర్వాత ఎవలు నవ్వలే.

స్వర్ణలత మోళ్ల మీదికెల్లి నడిసి పోయి ఆయన భుజం మీద చెయ్యేసింది. ఆయన ఉలిక్కిపడ్డడు.

"అయిపోయిందా?"

"అయిపోయింది. మంచిగ దిగింది."

"పిలిచిన్రా నన్ను?"

అబద్ధం చెప్పుదామనుకున్నది. "పిలిచిన్రు. మస్తు సార్లు," అన్నది.

శ్రీశైలం పొలంల నిలబడ్డోళ్ల దిక్కు సూసిండు. అందరు ఇటే సూస్తున్నరు. గాలి అటు కొడ్తున్నదని ఇయ్యాల అనలే. "నువ్వు ఆనాడు దేవేందర్‌కు చెప్పలేదా? నేను పక్కకున్న అని?"

"చెప్పద్దన్నవు గద."

ఆయన తల కిందికేసుకున్నడు. తర్వాత గట్టు దిగి సక్కగ దేవేందర్ కాడికి పోయిండు. స్వర్ణలత ఎనుకనే ఉరికింది.

"దేవేందర్, కోనరావుపేటల గాలిమోటరు పడ్డది మీ అక్క తప్పు గాదు. నన్ను ఇనుమని పక్కకు నిలబెట్టింది. అది ఒర్లింది, నాకు ఇనబడలే. నావి చెవులు పోయినయి."

స్వర్ణలత అచ్చి ఆయన పక్కకు నిలబడ్డది.

"ఇద్దరియి పోయినయి," అన్నది.